ప్లేటు మీద అంకె ఒకటి, చేతికి తగిలే బరువు ఇంకొకటి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు జిమ్ మెషీన్ల గురించే. ముగ్గురూ అడిగింది దాదాపు ఒకే సంగతి కాబట్టి పక్కపక్కనే వేస్తున్నాం. మొదటి జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మాది పాలకొల్లు. వయసు 34. రెండేళ్లుగా జిమ్‌కి వెళ్తున్నాను. మా జిమ్‌లో ల్యాట్ పుల్‌డౌన్ (కూర్చుని పైనున్న కడ్డీని కిందకి లాగే మెషీన్) మీద 50 పెట్టి పదిసార్లు లాగేసరికి చేతులు వణుకుతాయి. సంక్రాంతికి అత్తారింటికి భీమవరం వెళ్లినప్పుడు మా బావమరిది వాళ్ల జిమ్‌కి తీసుకెళ్లాడు. అక్కడ అదే మెషీన్ మీద 70 పెట్టి పన్నెండుసార్లు లాగేశాను. పక్కనున్న కేబుల్ మెషీన్ మీద 25 పెడితే అసలు బరువే ఉన్నట్టు లేదు. మా వాడు "బావా, నీకు తెలియకుండానే బలం పెరిగిపోయింది" అన్నాడు. నేనూ నమ్మాను. తిరిగొచ్చి మా జిమ్‌లో 60 పెడితే నాలుగు కూడా లాగలేకపోయాను. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. నా బలం నిజంగా ఎంత? ఈ రెండిట్లో ఏ మెషీన్ అబద్ధం చెబుతోంది?

జవాబు: ముందు మీ టెన్షన్ తీరే మాట చెబుతాను. మీ బలం ఎంతుందో అంతే ఉంది, పండక్కి పెరగలేదు, ఇంటికొచ్చాక తగ్గలేదు. మెషీన్లు కూడా అబద్ధం చెప్పడం లేదు. ప్లేటు మీద వేసిన అంకె ఆ ఇనుము బరువెంతో చెబుతుంది, మీ చేతికి ఎంత వస్తుందో చెప్పదు. ఇనుముకీ చేతికీ మధ్య కేబుల్ ఉంది, నాలుగైదు గిలకలున్నాయి, ప్లేట్లు పైకీ కిందకీ జారే రెండు నిలువు రాడ్లున్నాయి, వీటిని ఒక్కో కంపెనీ ఒక్కోలా అమరుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద తేడా గిలకల దగ్గరే వస్తుంది. నూతి మీద గిలక గుర్తు తెచ్చుకోండి. పైన దూలానికి బిగించిన గిలక మీదుగా చేంతాడు వేసి లాగితే పది కిలోల బొక్కెనకి పది కిలోల బలమే పెట్టాలి, కాకపోతే కిందకి లాగడం మన ఒంటికి వీలు కాబట్టి హాయిగా ఉంటుంది. ఇప్పుడు ఇంకోలా కట్టండి. తాడు ఒక కొసని దూలానికే ముడేసి, గిలకని బొక్కెనకి తగిలించి, ఆ గిలక కింద నుంచి తాడు తిప్పి రెండో కొస చేత్తో పైకి లాగారనుకోండి. బొక్కెన రెండు వరసల తాడు మీద వేలాడుతోంది కాబట్టి సగం బరువు దూలం మోస్తుంది, మిగతా సగమే మీకు. అయితే బొక్కెన ఒక మూర పైకి రావాలంటే మీరు రెండు మూరల తాడు లాగాలి. కాలవ లాకుల దగ్గర లస్కరు చక్రం తిప్పడం మీరు చూసే ఉంటారు. అంత బరువైన తలుపుని ఒక్క మనిషే లేపేస్తాడు, కానీ అది జానెడు లేవడానికి ఎన్ని చుట్లు తిప్పాలో కూడా చూసే ఉంటారు. బలం తగ్గితే దూరం పెరుగుతుంది, దీన్ని తప్పించుకున్న యంత్రం లోకంలో లేదు.

జిమ్‌లోనూ ఇదే. ప్లేట్ల దొంతరకి కేబుల్ నేరుగా తగిలించి ఉంటే 50 అంటే 50. దొంతర నెత్తిన గిలక పెట్టి దాని కింద నుంచి కేబుల్ తిప్పి ఉంటే 50 అంటే చేతికి 25. రెండు పక్కలా స్తంభాలుండి రెండు చేతులతో లాగే కేబుల్ మెషీన్లలో చాలావాటికి ఈ సగం అమరికే ఉంటుంది, ఎందుకంటే అక్కడ హ్యాండిల్‌ని దూరంగా లాక్కెళ్లాలి, అంత ఎత్తు దొంతర లేవడానికి స్తంభంలో చోటుండదు. మీకు 25 పెడితే బరువే లేనట్టు అనిపించింది దీనివల్లే అయ్యుండొచ్చు, మీ చేతికి వచ్చింది పన్నెండున్నర.

దీన్ని ఎవరినీ అడగకుండా మీరే తేల్చుకోవచ్చు, ఒక టేపు చాలు. హ్యాండిల్‌ని సరిగ్గా 60 సెంటీమీటర్లు లాగి పట్టుకోండి, ప్లేట్లు ఎంత లేచాయో పక్కన ఇంకొకరిని కొలవమనండి (లేచి ఉన్న ప్లేట్ల మధ్య వేళ్లు పెట్టకుండా, బయటి నుంచే). 60 లేస్తే బరువు మొత్తం మీదే. 30 లేస్తే సగం. 40 లేచిందనుకోండి, మూడింట రెండు వంతులు. ఈసారి భీమవరం వెళ్లినప్పుడు తప్పకుండా చేసి చూడండి, మీ బావమరిదిని కొలవమనండి.

ఇంకో చిన్న విషయం, చిన్నదే కానీ చాలామంది పట్టించుకోరు. ప్లేటు మీద అంకె పక్కన ఏమని రాసుందో చూశారా? కొన్ని మెషీన్ల మీద కిలోలు, కొన్నిటి మీద పౌండ్లు, కొన్నిటి మీద ఏమీ ఉండదు, వట్టి 1, 2, 3 అని వరస నంబర్లే. ఒక పౌండు అంటే 454 గ్రాములు. మీరు భీమవరంలో లాగిన 70 పౌండ్లయితే అది 32 కిలోలు కూడా కాదు, అప్పుడు మీ పాలకొల్లు 50 కిలోలే దానికన్నా బాగా ఎక్కువ.

ఇక రాపిడి. కేబుల్ గిలక మీద వంగి తిరిగిన ప్రతిచోటా, ప్లేట్లు రాడ్లకి ఒరుసుకునే ప్రతిచోటా కాస్త బలం ఖర్చవుతుంది. దీనిలో ఒక వింత ఉంది. రాపిడి ఎప్పుడూ కదలికకి ఎదురుగానే పనిచేస్తుంది కదా, అందుకని మీరు ప్లేట్లని పైకి లేపేటప్పుడు అది బరువుతో చేతులు కలిపి మీకు ఎదురు తిరుగుతుంది, అదే మీరు నెమ్మదిగా దించేటప్పుడు మీ పక్షాన చేరి బరువుని ఆపుతుంది. ఫలితం ఏంటంటే అరిగిపోయిన మెషీన్ మీద లేపడం మహా కష్టం, దించడం మరీ సులువు. కండకి దించడంలో కూడా మంచి పని దొరుకుతుంది, పాత మెషీన్ ఆ పనిని కాజేస్తుంది. అందుకే బిగుసుకుపోయిన మెషీన్ మీద "బాగా కష్టంగా ఉంది కాబట్టి బాగా పనిచేస్తోంది" అనుకోవడం సరైన లెక్క కాదని నేను గట్టిగా అంటాను.

రాపిడి ఎంతో కొలవాలంటే చేపల మార్కెట్లో కొక్కేనికి తగిలించి తూచే డిజిటల్ కాటా ఉంటుంది చూడండి, అది దొరికితే చాలు, మీ వైపు దానికి కరువేముంది. హ్యాండిల్ విప్పేసి కేబుల్ చివర కాటా తగిలించి, ఎన్ని ప్లేట్లు లేవాలో ఎంచుకునే పిన్నుని 30 దగ్గర పెట్టి, నెమ్మదిగా ఒకే వేగంతో లాగుతూ అంకె చూడండి, అలాగే నెమ్మదిగా వదులుతూ చూడండి. లాగేటప్పుడు 34, వదిలేటప్పుడు 26 వచ్చిందనుకుందాం. రెండూ కలిపి సగం చేస్తే 30, అది మెషీన్ ఇవ్వాల్సిన బరువు. అటూ ఇటూ ఉన్న 4 కిలోలూ రాపిడి. 17, 13 వచ్చాయనుకోండి, సగటు 15, అంటే అది సగం గిలక మెషీన్ అని కూడా అదే కాటా చెప్పేసింది. కాటా ఎంత బరువు వరకూ తూచగలదో దాని మీద రాసి ఉంటుంది, అది దాటకండి.

వేగం కూడా తేడా తెస్తుంది. నిండు బొక్కెనని ఒక్క కుదుపుతో లాగితే చేయి పట్టేసినంత పనవుతుంది, మెల్లగా లాగితే ఏమీ కాదు. నిలకడగా ఉన్న ఇనుముని కదిలించడానికి దాని బరువుకి మించి బలం కావాలి, ఒకసారి ఊపందుకున్నాక అది దానంతట అదే కొంత దూరం వెళ్తుంది. సగం గిలక మెషీన్‌లో మీ చేయి ఎంత వేగంగా కదిలినా ప్లేట్లు అందులో సగం వేగంతోనే కదులుతాయి. లెక్క వేస్తే, నేరుగా లాగే 30 కిలోలూ, సగం గిలక మీద 60 కిలోలూ నెమ్మదిగా లాగినంతసేపూ చేతికి ఒకటే. కానీ కుదుపుతో లాగినప్పుడు మొదటిది 30 కిలోల వస్తువులా ఎదురు నిలుస్తుంది, రెండోది 15 కిలోల వస్తువులా. అందుకే అలాంటి మెషీన్లు మెత్తగా ఉన్నాయంటారు. మీరు పండగ హుషారులో కాస్త ఊపుతో లాగి ఉంటే ఆ పన్నెండుసార్లలో దీని వాటా కూడా కొంత ఉంటుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, నా బలం నిజంగా ఎంత అని. దానికి మెషీన్ మీద ఒక్క అంకెగా జవాబు దొరకదు. 20 కిలోల డంబెల్ పాలకొల్లులోనూ 20, భీమవరంలోనూ 20. కడ్డీ పట్టుకుని వేలాడి గడ్డం దాని పైకి తెచ్చారంటే మీరు లేపింది మీ ఒంటి బరువు, దానిలో ఏ గిలకా లేదు. ఊళ్లు దాటి పోల్చుకోవాలంటే వాటితో పోల్చుకోండి. మెషీన్ల విషయంలో మాత్రం ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ఏ జిమ్, ఏ మెషీన్, సీటు ఎన్నో గాడిలో ఉంది, ఎంత పెట్టారు, ఎన్నిసార్లు లాగారు అని రాసుకోండి. మూడు నెలల కిందట మీ పాలకొల్లు మెషీన్ మీద 40 పెట్టి పదిసార్లు లాగలేకపోయి ఇవాళ 50 పెట్టి పదిసార్లు లాగుతున్నారంటే మీ బలం పెరిగినట్టే, అది గిలక ఎలా ఉన్నా నిజమే. అత్తారింటి 70 ఆ పుస్తకంలో వేరే పేజీలో ఉండాలి.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, అమలాపురం. మోకాళ్ల నొప్పులకి తొడ కండలు గట్టిపడాలని డాక్టరుగారు చెబితే మా కోడలితో కలిసి జిమ్‌లో చేరాను. వాలుగా పడుకుని కాళ్లతో తోసే లెగ్ ప్రెస్ మీద ట్రైనర్ రెండు వైపులా కలిపి 40 పెడితే కష్టంగా ఉంది. కూర్చుని తోసేదాని మీద 60 కూడా బాగానే తోస్తున్నాను. రెండిటి మీదా కాళ్లు ముడిచినప్పుడు చాలా బరువు, చాపేసరికి ఏమీ ఉండదు. కాళ్లు ముందుకి లేపే లెగ్ ఎక్స్‌టెన్షన్ మీదైతే దిండు తగిలేచోట ఎముక నొప్పి పుడుతోంది. "ఏ మెషీన్ అయితే ఏంటత్తయ్యా, కాళ్లకే కదా" అంటుంది మా కోడలు. నిజమేనా?

జవాబు: అమ్మా, కాళ్లకే, కానీ మూడూ మూడు రకాలు. అంబాజీపేట వైపు కొబ్బరికాయల బస్తాలు లారీకి ఎక్కించేటప్పుడు బల్లచెక్క ఏటవాలుగా వేసుకుంటారు కదా, నిటారుగా ఎత్తడం కన్నా వాలు మీద తోయడం తేలిక. మీ వాలు లెగ్ ప్రెస్ చాలా వరకూ 45 డిగ్రీల వాలు మీద ఉంటుంది. ఆ వాలు మీద 100 కిలోలు తోస్తే కాళ్లకి తెలిసేది 71 కిలోలు. అయితే ట్రైనర్లు లెక్కలో వేయనిది ఒకటుంది. మీరు పాదాలు ఆనించే పలకా, దాని చట్రమూ కూడా ఇనుమే. అది 40 కిలోలుందనుకోండి. ఏ ప్లేటూ వేయకుండానే మీరు 28 కిలోలు తోస్తున్నారు, పైన 40 వేస్తే మొత్తం 80, వాలు మీద 57. కూర్చుని తోసేదాంట్లో 60 అన్నది గిలకలు దాటి కాళ్లకి చేరేసరికి ఎంతవుతుందో ఆ మెషీన్ అమరికని బట్టే ఉంటుంది, కొన్నిటిలో పలక కదలదు, మీరు కూర్చున్న సీటే వెనక్కి జరుగుతుంది. కాబట్టి 40 కష్టమై 60 సులువైందని కంగారు పడాల్సిన పని లేదు.

ముడిచినప్పుడు బరువు, చాపినప్పుడు తేలిక, ఇది మెషీన్ వల్ల వచ్చింది కాదు, మన కాలు కట్టుబడే అలాంటిది. మోకాలు ముడిచి ఉన్నప్పుడు పాదం తోసే గీతకి మోకాలు దూరంగా ఉంటుంది, ఆ దూరమంతా తొడ కండ మీద పడుతుంది. తలుపుని బందుల దగ్గర తోస్తే కదలదు, గడియ దగ్గర తోస్తే వేలితో కదులుతుంది కదా, ఇక్కడా ఆ దూరం లెక్కే. కాలు చాచేకొద్దీ మోకాలు ఆ గీత మీదకి వచ్చేస్తుంది, అప్పుడు బరువుని కండ మోయదు, ఎముకలు మోస్తాయి. మీరు జాగ్రత్తగా వినాల్సింది ఇక్కడే. తేలికైపోయింది కదా అని కాళ్లు పూర్తిగా చాపి బిగపట్టకండి, కొద్దిగా మడత ఉండగానే వెనక్కి తీసుకోండి. కిందకి కూడా నొప్పి మొదలయ్యే చోటుకి ముందే ఆగండి. ఎంతవరకు ముడవొచ్చో మీ డాక్టరుగారినో ఫిజియోథెరపిస్టునో అడిగి, ఆ మాట ట్రైనర్‌కి చెప్పండి.

ఇలా ఒకచోట బరువుగా ఒకచోట తేలిగ్గా ఉండటం చూసి దాన్ని సరిచేయాలని పట్టుబట్టినాయన ఒకరున్నారు, అమెరికా ఆయన, ఆర్థర్ జోన్స్. డంబెల్‌తో చేయి మడిచేటప్పుడు మొదట్లో ఏమీ ఉండదు, ముంజేయి నేలకి సమాంతరంగా వచ్చినప్పుడు మొత్తం బరువు, తర్వాత మళ్లీ తగ్గుతుంది. ఆయన కేబుల్ చుట్టుకునే చక్రాన్ని గుండ్రంగా కాకుండా, ఒకచోట వెడల్పుగా ఒకచోట ఇరుగ్గా చేశాడు. వెడల్పు వైపు కేబుల్ పడితే బరువెక్కుతుంది, ఇరుకు వైపు పడితే తగ్గుతుంది. కండకి ఎక్కడ బలం ఎక్కువో అక్కడ వెడల్పు భాగం వచ్చేలా అమర్చాడు. ఆ చక్రం నాటిలస్ అనే సముద్ర జీవి గుల్లలా ఉంటుందని మెషీన్‌కి అదే పేరు పెట్టి 1970లో అమ్మకానికి తెచ్చాడు. దాన్ని క్యామ్ అంటారు, మీ లెగ్ ఎక్స్‌టెన్షన్ పక్కన చూడండి, ఉంటే కోడిగుడ్డునో గుల్లనో పోలిన చక్రం కనిపిస్తుంది. మంచి ఆలోచనే, కానీ ఒక చక్రం అందరి కాళ్లకీ సరిపోదు. అందుకే ఒకే అంకె రెండు కంపెనీల మెషీన్ల మీద ఒకరికి మొదట్లో కష్టంగా, ఇంకొకరికి చివర్లో కష్టంగా అనిపిస్తుంది.

ఎముక నొప్పికి కారణం దిండు ఉన్న చోటు. కాలి మీద దిండు మోకాలికి 20 సెంటీమీటర్ల దగ్గరగా ఉంటే, 40 దగ్గర ఉన్నప్పటికన్నా ఎముక మీద రెట్టింపు ఒత్తిడి పడుతుంది. తొడ కండ చేసే పని మాత్రం రెండు చోట్లా ఒకటే. అంటే మీరు ఊరికే నొప్పి భరిస్తున్నారు. దిండుని మడమకి కాస్త పైకి వచ్చేలా కిందకి దించమనండి, సీటు వీపు జరిపి మీ మోకాలు మెషీన్ ఇరుసుకి సరిగ్గా ఎదురుగా వచ్చేలా కూర్చోండి. కొన్ని మెషీన్ల మీద ఆ ఇరుసు దగ్గర రంగు చుక్క పెట్టి ఉంటుంది. ఇరుసూ మోకాలూ ఒక గీతలో లేకపోతే దిండు కాలి మీద పైకీ కిందకీ ఒరుసుకుంటుంది. ఈ రెండూ సరిచేశాక కూడా మోకాలి లోపల నొప్పి వస్తే ఆ మెషీన్ మానేసి డాక్టరుగారికి చెప్పండి, ఓర్చుకోకండి.

ప్రశ్న: నరసాపురం దగ్గర చిన్న జిమ్ నడుపుతున్నాను. సముద్రం దగ్గర కావడంతో వర్షాకాలం వస్తే మెషీన్లన్నీ బిగుసుకుపోతాయి. రాడ్లకి కొబ్బరినూనె రాస్తే రెండు రోజులు బాగుంటుంది, తర్వాత మళ్లీ మొదటికే. వచ్చేవాళ్లు "మీ దగ్గర 30 బయట 40లా ఉంది" అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: వాళ్లు చెబుతున్నది నిజమే, పైన రాసిన రాపిడి అదే. కొబ్బరినూనె వెంటనే ఆపేయండి. అది దుమ్ము పట్టి జిగురు పేస్టులా అవుతుంది, రెండు రోజుల తర్వాత అది రాయకముందు కన్నా బిగుస్తుంది. ముందు పొడి గుడ్డతో రాడ్లు బాగా తుడిచి, పాత జిగురంతా పోయాక, సిలికాన్ స్ప్రేని గుడ్డ మీద కొట్టి ఆ గుడ్డతో పల్చగా రుద్దండి. ఉప్పుగాలి తగిలే చోట వర్షాకాలంలో వారానికోసారి చేయాలి. గిలకల్ని కేబుల్ తప్పించి చేత్తో తిప్పి చూడండి, గరగరమన్నా, అటూ ఇటూ ఊగినా బేరింగ్ మార్చాల్సిందే, దానికి నూనె వేస్తే లాభం లేదు.

కేబుల్ విషయంలో మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. పైన ప్లాస్టిక్ తొడుగు పగిలి లోపల తీగలు కనిపించాయంటే, చివర హ్యాండిల్ తగిలేచోట తీగ పోగులు లేచాయంటే ఆ మెషీన్‌కి తాడు కట్టి "వాడొద్దు" అని బోర్డు పెట్టి కొత్తది వేయించండి. మా ఊళ్లో ఒక జిమ్‌లో ల్యాట్ పుల్‌డౌన్ కేబుల్ లాగుతుండగా తెగి కడ్డీ ఒక కుర్రాడి నెత్తిన పడింది, కుట్లు పడ్డాయి. ఆ కేబుల్ పోగులు లేచి నెల అయిందని అందరికీ తెలుసు. పిన్ను పోయిందని దాని చోట మేకో బోల్టో పెట్టడం కూడా అలాంటిదే, దొంతర సగంలో జారిపోతుంది, అసలు పిన్నే తెప్పించండి.

ఆ పని అయ్యాక ఒక పూట కూర్చుని, టేపూ కాటా పెట్టి ఒక్కో మెషీన్ కొలవండి. కొలిచింది తెలుగులో కాగితం మీద రాసి మెషీన్‌కి అంటించండి, "ఇక్కడ 40 అంటే చేతికి 20", "అంకెలు పౌండ్లలో ఉన్నాయి", "పలక బరువు 40 కిలోలు అదనం" అని.